దారి అడిగే కొండ

పొద్దున్నే గేటు తీసి, ఇంటి ముందు సందు ఇవాళ ఎటు పోతోందో చూసుకోవడం మా కొండమీద వాళ్ళకి మొహం కడుక్కోవడం లాంటిదే. నిన్న ఎడమకి దిగిన మెట్లు ఇవాళ కుడికి ఎక్కుతుంటాయి. నిన్న క్షవరం షాపు వెనకనుంచి బస్టాపుకి చేర్చిన సందు ఇవాళ ఎవరి డాబా మీదికో తీసుకుపోయి, కిమ్చీ ఊరగాయ జాడీల మధ్య వదిలేస్తుంది. ఇళ్ళు కదలవు. వాటి మధ్య దారులే రాత్రికి రాత్రి సర్దుకుంటాయి. యుద్ధకాలంలో ఉత్తరాన్నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, బుసాన్ ఓడరేవుకి ఎదురుగా ఈ కొండమీద రేకులూ అట్టలూ కట్టుకుని తలదాచుకున్న రోజులనుంచీ ఇంతే.

అందుకని పళ్ళు తోముకుంటూనే ఒకరినొకరు అడుగుతుంటారు.

"ఏమమ్మా, బస్సుకెటు ఇవాళ?"

"ఆ ఎండుచేపలు ఆరేసిన గోడదాకా పోయి అక్కడ అడుగు. నేనూ అంతవరకే చూశాను."

ఒకసారి నగర కార్యాలయం వాళ్ళు బస్టాపు నుంచి కొండ పైదాకా నేలమీద నీలం గీత గీయించారు. మర్నాటికి గీత ముక్కలైంది. ఒక ముక్క ఎవరిదో బట్టలుతికే పెరట్లో తేలింది, ఇంకో ముక్క పిండిమర గోడెక్కి కిటికీ దగ్గర ఆగింది. వాళ్ళు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. పోస్టుమాను ఉత్తరాలన్నీ బస్టాపు దగ్గరి కొట్లో ఇచ్చేసి పోతాడు. అతని తప్పేం లేదు, అతనికి పని వేళలుంటాయి.

ఇలాంటి కొండమీద ఇంటింటికీ పాలూ పెరుగు సీసాలూ వేసే పని మల్సున్‌ది. అరవై ఆరేళ్ళ మనిషి, పొట్టి, గట్టి. వెడల్పు అంచు టోపీ పెట్టుకుని, రెండు భుజాలకీ రెండు సంచులు తగిలించుకుని తెల్లారకముందే బయల్దేరేది. ఎవరింట్లో ఏ పులుసు ఉడుకుతోందో వాసన పట్టి, ఏ గోడ ఇంకా తడిగా ఉందో, పిల్లి ఎటు తిరిగి కూచుందో చూసి దారి పోల్చుకునేది. పోల్చుకోలేకపోతే అడిగేది. రెండు పూటలు ఒకే దారిన నడిచిన గుర్తు ఆవిడకి లేదు.

ఆవిడ భర్త నమ్ దల్సు అలా కాదు. ముప్ఫై అయిదేళ్ళు ఓడరేవు అవతల చెప్పుల ఫ్యాక్టరీలో రబ్బరు బూట్లకి అడుగులు అతికించాడు. అదే స్టూలు, అదే కిటికీ, అదే జిగురు వాసన. కొండ దిగడానికైనా ఆయనకి దారి తెలియాల్సిన పని ఉండేది కాదు. ఆ రోజుల్లో కొండమీద సగం మంది ఫ్యాక్టరీలకే పోయేవాళ్ళు. చీకటితో ఒక ప్రవాహంలా అంతా కలిసి దిగేవాళ్ళు. ముందున్నవాడి వీపు చూసుకుంటూ దల్సు దిగిపోయేవాడు, సాయంత్రం ఇంకెవరిదో వీపు చూసుకుంటూ ఎక్కేవాడు.

ఫ్యాక్టరీ మూసేసి మిషన్లన్నీ వియత్నాం తీసుకుపోయాక ఆయన ఇంట్లో కూచున్నాడు. మొదట్లో కొన్నాళ్ళు బయటికి వచ్చి నలుగురితో నిలబడేవాడు. తర్వాత చలి అన్నాడు, తర్వాత ఎండ అన్నాడు. టీవీలో రోజంతా చేపలు పట్టే కార్యక్రమం ఒకటి వస్తుంది. దాని ముందు, కిందనుంచి వేడి తగిలే వెచ్చటి నేలమీద కాళ్ళు చాపుకుని కూచోవడంతో ఆయన పగలు గడిచిపోయేది.

మాట తగ్గింది. దల్సు పెద్దమనిషి అయిపోయాడు, ఏదన్నా తల ఊపుతాడు తప్ప వాదించడు అని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు కూడా. మల్సున్‌కి మాత్రం లోపల ఏదో తేడాగా ఉండేది. రిమోటుని "ఆ బూటు అడుగు ఇలా అందుకో" అనేవాడు. ఒకరోజు నీళ్ళు పోయకుండానే బియ్యం కుక్కర్లో పెట్టాడు. ఇంకోరోజు అన్నం తింటూ ఆగి, "అమ్మ తిన్నదా?" అని అడిగాడు. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది.

"తిన్నదిలే, నువ్వు తిను సోన్హ్వా నాన్నా," అంది మల్సున్. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు పేరు సోన్హ్వా. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు ఆ పిల్ల పేరు పెట్టే పిలుచుకుంటారు.

ఆకురాలే కాలంలో ఒక పొద్దున దల్సు టోఫు తెస్తానని వెళ్ళి మధ్యాహ్నం దాటినా రాలేదు. వెతగ్గా వెతగ్గా ఇంటికి రెండు సందుల అవతల మెట్లమీద దొరికాడు. ఒళ్ళో టోఫు పొట్లం పెట్టుకుని, నీళ్ళు కారి ప్యాంటు తడిసిపోతున్నా కదలకుండా కూచున్నాడు.

"ఎవర్నన్నా అడగొచ్చు కదా?" అంది మల్సున్ ఆయన చెయ్యి పట్టుకుని లేపుతూ.

"అందరూ అడిగేది దారి," అన్నాడు దల్సు తల దించుకుని. "నేను అడగాల్సింది ఇల్లు. మన గేటు ఎలా ఉంటుందో తల్లోంచి పోయింది నాకు. అదెలా అడగను?"

సోన్హ్వా కింద ఊళ్ళో, నది దగ్గర అపార్ట్‌మెంటులో ఉంటుంది. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. ఈ సంగతి వినగానే సెలవు పెట్టుకుని వచ్చి, తండ్రిని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది.

"ఇది ఏ కాలం తాతగారూ?"

దల్సు కిటికీలోంచి బయటికి చూశాడు. "పీతలు బాగుండే కాలం."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?"

"తొంభై మూడు."

"అందులోంచి ఇంకో ఏడు?"

"ఎందులోంచి?" అన్నాడు దల్సు.

తర్వాత ఆవిడ మల్సున్‌ని అడిగింది, రోజంతా ఈయన ఏం చేస్తారని.

"టీవీ చూస్తాడు. చేపలు పట్టేది."

"ఈయనకి చేపలు పట్టడం వచ్చా?"

"రాదు."

"ఇదివరకు ఏం పని చేసేవారు?"

ఆ ప్రశ్నకి మాత్రం దల్సే జవాబు చెప్పాడు. "అడుగులు అతికించేవాణ్ణి. ముప్ఫై అయిదేళ్ళు. చెయ్యి దానంతటదే చేసుకుపోతుందమ్మా, తలతో పనే లేదు. నిద్రపోతూ అతికించినా వంకర పోయేది కాదు." గర్వంగానే చెప్పాడు. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి ఆయన్ని కాసేపు అలా చూసింది.

"మొదలైంది," అంది చివరికి. "మందు రాస్తాను. ఆగదు, కాస్త నెమ్మదిస్తుందంతే. నడిపించండి. మనుషుల్లో తిప్పండి. కొంచెం ఆలోచించుకోవాల్సిన పని ఏదైనా ఉంటే మరీ మంచిది."

ఇందులో సోన్హ్వా చెవిన పడింది నడవడం ఒక్కటే. నది ఒడ్డున నున్నటి బాట ఉంది, తన అపార్ట్‌మెంటు పక్క బ్లాకులో కింది అంతస్తు ఇల్లు వసంతంలో ఖాళీ అవుతుంది. అక్కడ దారి ఇవాళా రేపూ ఒకటే. నాన్న తప్పిపోడు. ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పు పట్టడానికేం లేదు. మల్సున్ ఒప్పుకుంది.

"అప్పటిదాకా నువ్వు పాలు వేయడానికి పోయినప్పుడు ఎలా?" అంది సోన్హ్వా. ఆ సాయంత్రమే మనిషిని పిలిపించి గేటుకి బయటివైపు గడియ పెట్టించింది.

ఆ మర్నాటినుంచి మల్సున్ సంచులు తగిలించుకుని బయటికొచ్చి గడియ వేసేది. లోపల టీవీలో సముద్రం చప్పుడు వినిపించేది. మొదటిరోజు గడియ మీంచి చెయ్యి తియ్యలేక కొంతసేపు అలాగే నిలబడింది. తర్వాత అలవాటైపోయింది. అలా అలవాటు కావడమే ఆవిడకి ఎక్కువ బాధగా ఉండేది.

చలికాలం మొదట్లో వాన పడిన పొద్దున, చేపల పొలుసులు అంటుకుని జారుగా ఉన్న మెట్టుమీద మల్సున్ కాలు జారింది. చీలమండ విరిగింది. మోకాలిదాకా కట్టు వేసి, మంచు పోయేదాకా కాలు కింద పెట్టొద్దన్నారు.

కంపెనీ వాళ్ళు కొండ కింది ఊళ్ళోంచి ఇంకో ఆవిణ్ణి పంపారు. చురుకైన మనిషే. కానీ ఏ మెట్లెక్కినా ఎవరిదో అదే డాబా మీద జాడీల మధ్యకే తేలుతుంటే, చివరికి ఆ జాడీల పక్కనే కూచుని ఏడ్చిందట. ఎవరినీ ఒక్క మాట అడగలేదట. సంచులు కొట్లో పడేసి బస్సెక్కి పోయింది, మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళు పోయాక ఒక ఉదయం గూపో మామ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి గేటు తోసింది. గూపో ఆవిడ పుట్టిన ఊరు. అసలు పేరు ఏమిటో కొండమీద ఎవరికీ గుర్తులేదు. తొంభై నాలుగేళ్ళు. పొద్దస్తమానం గుమ్మంలో కూచుని బజారుకి వెల్లుల్లి ఒలిచిపెడుతుంది.

"నా పెరుగు ఏదే మల్సునూ?" అంది గడపలోనే నిలబడి. "అది పడకపోతే నా కడుపు కదలదని మీ కంపెనీకి తెలుసా?"

"కాలు చూడు మామ్మా. నేనెలా వచ్చేది?"

"చూశాలే. ఈ ఇంట్లో నాలుగు కాళ్ళున్నాయి. ఒకటి విరిగింది. మిగతా మూడిట్లో రెండు ఆ టీవీ ముందు చాపుకుని ఉన్నాయి, అవేం చేస్తున్నాయి?"

"ఆయనకి బాగాలేదు మామ్మా," అంది మల్సున్ గొంతు తగ్గించి.

"ఎక్కడ బాగాలేదు, తల్లోనా? నాకు మాత్రం ఉందా? నిన్న పొద్దుటినుంచీ వెల్లుల్లి ఒలుస్తూ మా పెద్దాడి పేరు వెతికాను. దీపాలు పెట్టే వేళకి దొరికింది. దొరక్కపోతే పక్కింటివాళ్ళని అడిగేదాన్ని."

టీవీ చప్పుడు ఆగింది. దల్సు లేచి వచ్చి, మూలనున్న సంచుల్లో ఒకటి తీసి భుజాన తగిలించుకున్నాడు.

"ఎన్నిళ్ళు?" అన్నాడు. ఆయన తనంతట తాను నోరు విప్పి చాలారోజులైంది.

మల్సున్‌కి వద్దనాలని ఉంది. కూతురు మొహం కళ్ళముందు మెదిలింది. కానీ ఆయన సంచి పట్టీ సరిచేసుకుంటున్న తీరు చూసి ఆ మాట అనలేకపోయింది. "రెండిళ్ళే," అంది. "మామ్మకి పెరుగు, క్షవరం షాపు తక్‌కి పాలు. బస్టాపు దగ్గరి కొట్లో అడిగి తీసుకో. చేతకాకపోతే వచ్చెయ్యి, నువ్వు రాకపోతే నేను ఈ కట్టుతోనే కుంటుకుంటూ వస్తాను."

దల్సు తలూపి మామ్మ వెనకాల నడవబోయాడు. మామ్మ కర్ర అడ్డం పెట్టింది.

"నా వెనక రాకు. వీపులు చూసి నడిచింది చాలు. నేను పోయాక రా."

ఆయన వెళ్ళాక మల్సున్ కిటికీ దగ్గరికి జరిగి కూచుంది. ఓడరేవులో క్రేన్లు తిరుగుతున్నాయి. అన్నం వేళ అయింది. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని కూతురి నంబరు నొక్కబోయి మానింది. మళ్ళీ తీసుకుంది. అప్పుడు గేటు చప్పుడైంది.

దల్సు మొహం ఎర్రగా ఉంది, చెమట పట్టింది. తలకి కొత్తగా క్షవరం చేసి ఉంది.

"ఏమైంది?" అంది మల్సున్.

ఆయన కూచుని నీళ్ళు తాగి చెప్పడం మొదలుపెట్టాడు. కొట్టు దొరికింది, సంచి నింపుకున్నాడు. పైకి వస్తుంటే సందు మూడుగా చీలింది. ఎటు పోవాలో తోచలేదు. ఎవరైనా వస్తే ఏం అడగాలో మనసులో అనుకుంటూ, అనుకున్నది మర్చిపోతూ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంతలో పక్క సందులోంచి తక్ చిరాగ్గా వచ్చాడు, చొక్కా జేబులో కత్తెర.

"దల్సు అన్నా, నా షాపు ఎటో చూశావా?" అన్నాడట తక్. "టీ తాగుదామని ఒక దారిన వచ్చి ఇంకో దారిన తిరిగి పోతున్నా. లోపల మనిషికి సగం తల గొరిగి వచ్చాను."

"నాకు నవ్వొచ్చింది," అన్నాడు దల్సు. "నేను నవ్వితే వాడూ నవ్వాడు. ఇద్దరం కలిసి వెతికాం. ఆ సగం తల మనిషి గుమ్మంలో నిలబడి కేకలేస్తుంటే ఆ గొంతు పట్టుకుని పోయాం. నాకు కూడా క్షవరం చేశాడు."

"మామ్మ పెరుగు?"

దల్సు కాసేపు ఆలోచించాడు. "తక్‌కి ఇచ్చాను. తక్ పాలు మామ్మకిచ్చాను. తిట్టింది. పాలు తాగుతూనే తిట్టింది." తర్వాత గొంతు తగ్గించాడు. "అక్కడినుంచి బయల్దేరాక మళ్ళీ పోయింది సోన్హ్వా అమ్మా, మన ఇల్లు. వెనక్కి పోయి మామ్మనే అడిగాను. మామ్మా, నమ్ దల్సు ఇల్లు ఎక్కడ అని."

"ఏమంది?"

"పిండిమర దాటి, గేటు మీద తుప్పుపట్టిన సైకిలు బెల్లు వేలాడుతుంటుంది చూడు అంది. తలెత్తను కూడా ఎత్తలేదు. వెల్లుల్లి ఒలుచుకుంటూనే చెప్పింది."

ఆ రోజునుంచి ఆయన రోజూ వెళ్ళాడు. రెండిళ్ళు అయిదయ్యాయి, అయిదు పన్నెండయ్యాయి. పొరపాట్లు చేయని రోజు లేదు. మావి వాళ్ళకి వేశాడు, వాళ్ళవి మాకు వేశాడు అని జనం ఒకరి గేటు ఒకరు తట్టి సీసాలు మార్చుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి పలకరించుకోని రెండిళ్ళ వాళ్ళు అలా మళ్ళీ మాటల్లో పడ్డారు. కంపెనీకి ఫిర్యాదు చేస్తానన్నాయన ఒకడున్నాడు. మామ్మ ఆయనింటి ముందుకి పోయి పిలిచి మరీ నాలుగు చీవాట్లు పెట్టి వచ్చింది.

మల్సున్ వాసనలు పట్టి దారి పోల్చుకున్నట్టు దల్సుకి చేతకాలేదు. ఆయన జనం చెప్పులు చూసేవాడు. ఎదురొచ్చిన మనిషి బూటు అడుగుకి సున్నం అంటుకుని ఉంటే, వెల్ల వేస్తున్న ఇంటివైపు సందు ఇటు తెరుచుకుందని. మడమకి తడి ఇసుక ఉంటే నీళ్ళ ట్యాంకు వైపునుంచని. ముప్ఫై అయిదేళ్ళు తల వాడకుండా అతికించిన అడుగుల గురించి ఇప్పుడు కూచుని ఆలోచించాల్సి వచ్చింది. ఒక్కోసారి ఒక్క చెప్పు చూసి పావుగంట తర్కించుకునేవాడు. తప్పితే నవ్వుకుని అడిగేవాడు.

సాయంత్రాలు ఇంట్లో మాట పుట్టింది. పిండిమర సందు ఇవాళ ఎవరి పడకగది కిటికీ కిందుగా పోయిందో, లోపల ఎవరు గురక పెడుతున్నారో చెప్పి మల్సున్‌ని నవ్వించేవాడు. పేర్లు పోయేవి. మనుషులు మాత్రం పోలేదు. "ఆ పొడుగాయన, మడమ లోపలివైపు అరిగిపోతుందే, ఆయన" అంటే ఎవరో మల్సున్‌కి తెలిసిపోయేది.

కట్టు వేసిన కాలు దిండుమీద పెట్టుకుని ఈమధ్య ఆవిడే టీవీ చూస్తోంది. చేపలు పట్టే కార్యక్రమం ఎందుకు చూస్తున్నదీ ఆవిడకే తెలీదు. లేచి చేసేదేమీ లేదు. ఏ రోజు ఏ వారమో కలిసిపోసాగింది. కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికింది. ఒక సాయంత్రం, "మామ్మకి పెరుగు వేశావా?" అని అడిగింది.

దల్సు అన్నం కలుపుతున్న చెంచా ఆపాడు. "సోన్హ్వా అమ్మా, ఇది అడగడం మూడోసారి."

టీవీలో ఎవరో పెద్ద చేప పడిందని చప్పట్లు కొడుతున్నారు. మల్సున్ చెయ్యి చాపి దాన్ని కట్టేసింది. మర్నాడు కర్ర తెప్పించుకుని, డాక్టరు చెప్పిన గడువు ఇంకా ఉండగానే, గేటు దాటి వెళ్ళి పక్కింటావిణ్ణి అడిగింది, బస్సుకెటు ఇవాళ అని.

వసంతంలో సోన్హ్వా అట్టపెట్టెలు తీసుకుని వచ్చింది. వచ్చాకే ఆ పిల్లకి అసలు సంగతి తెలిసింది. అంతవరకూ ఫోనులో అంతా బాగానే ఉందని చెబుతూ వచ్చారు.

"నాన్నని ఒక్కణ్ణే ఈ సందుల్లోకి పంపావా?" అంది తల్లితో. "నీకు మతి పోయిందా అమ్మా?"

"పోబోతుంటే మీ నాన్న పట్టుకున్నాడు."

"హాస్యం కాదు. ఆయనకేమన్నా అయితే?"

"ఇంట్లో కూచోబెడితే ఏమైందో నువ్వూ చూశావు కదే."

సోన్హ్వా తండ్రిని మళ్ళీ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. అదే డాక్టరమ్మ అవే ప్రశ్నలు వేసింది. వందలోంచి ఏడు తీయమంటే దల్సు ఈసారి కూడా తొంభై మూడు దగ్గరే ఆగాడు. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"అంతే ఉంది," అంది.

"మెరుగు లేదా?" అంది సోన్హ్వా.

"ఇందులో అంతే ఉండటమంటేనే చాలా మంచి కబురమ్మా. మీరేం చేస్తున్నారో అది మానకండి."

ఆ రాత్రి సోన్హ్వా అక్కడే పడుకుంది. తెల్లవారుజామున తండ్రి సంచి తగిలించుకుంటుంటే తనూ లేచి చెప్పులేసుకుంది. "నీ వెనకాల వస్తాను నాన్నా. నన్ను పట్టించుకోకు."

ఆ పూట ఆ పిల్ల చాలా చూసింది. తండ్రి టోపీ తీసి ముక్కూమొహం తెలియని వాళ్ళని దారి అడిగాడు. దారి అడిగిన వాళ్ళకి తనూ చెప్పాడు, ఒకరికి తప్పు చెప్పి, పిలిచి దిద్దాడు. ఒకచోట గేటు ముందు సీసా పట్టుకుని ఊరికే నిలబడిపోయాడు. ఎవరిదో, ఎందుకు వచ్చాడో పోయినట్టుంది. సోన్హ్వా ముందుకి పోబోయింది. అంతలో లోపలినుంచి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నాదే పెద్దాయనా, ఇలా ఇవ్వు. ఇక్కణ్ణుంచి నువ్వు ఆ ఎర్ర పూలకుండీ వైపు పోవాలి," అని సీసా అందుకుని లోపలికి పోయింది. తండ్రి ఆ పూలకుండీ వైపు నడిచాడు. ఆయన నడకలో తొందర లేదు, భయమూ లేదు. నది ఒడ్డున నున్నటి బాటమీద సాయంత్రాలు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి నడిచి తిరిగొచ్చే ముసలివాళ్ళు సోన్హ్వాకి గుర్తొచ్చారు. వాళ్ళని ఎవరూ ఏదీ అడగరు.

ఇంటికొచ్చాక అపార్ట్‌మెంటు ఊసు ఎత్తలేదు. స్క్రూడ్రైవరు ఎక్కడుందని తల్లిని అడిగి తీసుకుని, గేటు గడియ విప్పడానికి కూచుంది. ఉప్పుగాలికి అప్పుడే తుప్పు పట్టి మరలు ఒక పట్టాన రాలేదు. అట్టపెట్టెల్లో పాత దుప్పట్లు పెట్టుకుంటానంది మల్సున్.

ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం కొండని చెరి సగం పంచుకున్నారు. ఒకరు కిందినుంచి, ఒకరు పైనుంచి మొదలుపెట్టేవాళ్ళు. దారులు ఎలా సర్దుకున్నా రోజూ ఎక్కడో ఒకచోట ఇద్దరినీ ఎదురెదురుగా తెచ్చి నిలబెట్టేవి. ఒకరోజు పిండిమర దగ్గర, ఒకరోజు ఎవరి పెరట్లోనో ఆరేసిన దుప్పట్ల మధ్య. అక్కడినుంచి కలిసి ఇంటికి వచ్చేవాళ్ళు. ఇలా ఆరేళ్ళు గడిచాయి. మొదట్లో ఆరోగ్య కేంద్రంలో దల్సుతో పాటు పరీక్ష చేయించుకున్న వాళ్ళలో చాలామంది ఇప్పుడు మంచాల మీద, కన్నబిడ్డల్ని కూడా పోల్చుకోకుండా ఉన్నారని సోన్హ్వా ఎప్పుడో మాటల్లో చెప్పింది. గూపో మామ్మ వెల్లుల్లి బుట్ట పక్కన పెట్టుకుని, గుమ్మంలో కునుకు తీస్తూనే పోయింది.

ఆగదని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది, ఆగలేదు. ఆరో ఏడు చలికాలానికి దల్సు చేతిలో నాలుగిళ్ళు మిగిలాయి. చెప్పుల అడుగులు చూసినా ఒక్కోరోజు ఏమీ తోచేది కాదు. అయినా పొద్దున్నే లేచి సంచి కోసం తడుముకునేవాడు.

మంచు పడి ఆగిన ఒక పొద్దున, దారులు వాళ్ళిద్దర్నీ ఎవరిదో డాబా పక్క ఇరుకు మెట్లమీద ఎదురుపడేలా చేశాయి. మల్సున్ పలకరించబోయేంతలో దల్సు పక్కకి తప్పుకుని, టోపీ తీసి, వంగి దండం పెట్టాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. నమ్ దల్సు ఇల్లు ఎటో కాస్త చెబుతారా?"

మల్సున్ ఆయన కళ్ళలోకి చూసింది. తెలిసిన గుర్తు ఎక్కడా లేదు. ఇలాంటి రోజు ఒకటి వస్తుందని ఆవిడకి తెలుసు. వస్తే ఆయన భయపడిపోతాడేమో, ఏడుస్తాడేమో అని ఎన్నోసార్లు అనుకుంది. ఆయన మొహంలో అవేవీ లేవు. తెల్లారి లేచి బస్సుకెటు అని అడిగే మనిషి మొహంలాగే మామూలుగా ఉంది, జవాబు కోసం ఓపిగ్గా చూస్తోంది.

"నేనూ అటే పోతున్నా," అంది ఆవిడ. "రండి."

"మీ సంచి బరువుగా ఉన్నట్టుంది. ఇలా ఇవ్వండి."

ఇచ్చింది. మెట్లు జారుగా ఉన్నాయి, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని దిగారు.

"మా ఆవిడ కూడా ఈ పనే చేస్తుంది," అన్నాడు దల్సు. "ఒకసారి కాలు విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ నేనూ తిరుగుతున్నా."

"మంచిదేనా ఆవిడ?"

ఆయన ఆలోచించాడు. "నోరు ఎక్కువ. మంచిదే."

సందు రెండుగా చీలినచోట ఇద్దరూ ఆగారు. ఎటన్నది మల్సున్‌కీ నిజంగా తెలీదు. చుట్టుపక్కల అడగడానికి మనిషి లేడు. "ఎటండీ?" అంది. దల్సు వంగి మంచుమీద పడిన అడుగుల గుర్తులు చూశాడు, చాలాసేపు చూశాడు. కింద ఓడరేవులో ఓడ ఒకటి కూసింది. ఆయన ఎడమకి చెయ్యి చూపించాడు.

నాలుగు మలుపులు తిరిగాక సైకిలు బెల్లు వేలాడే గేటు వచ్చింది.

"లోపలికి రండమ్మా," అన్నాడు దల్సు గేటు తోసి. "చలిలో వచ్చారు. మా ఆవిడ పులుసు పెట్టే ఉంటుంది, వేడిగా తాగి పోదురుగాని."

మల్సున్ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. పొద్దున కాచిన సోయా పులుసు పొయ్యిమీద వెచ్చబెట్టి, రెండు గిన్నెల్లో పోసి బల్లమీద పెట్టి, ఆయనకెదురుగా కూచుంది. దల్సు గోరువెచ్చటి నేలమీద కాళ్ళు ముడుచుకుని, గిన్నె రెండు చేతుల్తో ఎత్తి ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఉప్పు తక్కువైంది, సోన్హ్వా అమ్మా," అన్నాడు.

ఆవిడ లేచి వంటగదిలోకి పోయింది. తిరిగి రావడానికి కాస్త ఆలస్యమైంది. వచ్చి, సోయా సాసు సీసా ఆయన ముందు పెట్టింది.